ల్యాప్‌టాప్‌కి సరిపోయే ఎస్ఎస్‌డీ: సీటీసీకి బయల్దేరే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

"మా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌కి ఏ ఎస్ఎస్‌డీ తీసుకోమంటారు?" అని అడిగేవాళ్లు ఆగట్లేదు. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే హార్డ్‌డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే వేగమైన డ్రైవ్. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. హెచ్‌పీలోనే రెండున్నర అంగుళాల డ్రైవ్ పట్టేవి ఉన్నాయి, ఎం.2 అనే సన్నటి కార్డు పట్టే స్లాట్ మాత్రమే ఉన్నవి ఉన్నాయి, స్టోరేజ్‌ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేసినవీ ఉన్నాయి. డెల్, లెనోవో, ఆసుస్, ఏసర్ అన్నిటిదీ ఇదే కథ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి, వెళ్లి కౌంటర్‌లో కంపెనీ పేరొక్కటే చెబితే అక్కడివాళ్లు స్టాక్‌లో ఉన్నది చూపిస్తారు. అది మీ ల్యాప్‌టాప్‌లో పడుతుందో లేదో ఇంటికొచ్చి మూత విప్పాకే తెలుస్తుంది. సీల్ తీసిన డ్రైవ్‌ని వెనక్కి తీసుకునే షాపులు తక్కువ.

అందుకే పని ఈ వరసలో జరగాలి: ల్యాప్‌టాప్‌కి ఏది పడుతుందో తేల్చుకోవడం, కొనడం, డేటా భద్రం చేసుకోవడం, బిగించడం. ఎక్కువ టైమ్ మొదటిదానికే పెట్టండి. మిగతావి వాటంతట అవే తేలికవుతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పనిచేసేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది ఆఫీసు ల్యాప్‌టాప్. అది మీది కాదు. ఎంత నెమ్మదిగా ఉన్నా సరే, ఐటీ టీమ్‌కి టికెట్ వేయండి, మూత మాత్రం తీయకండి.

1. అసలు రోగం డిస్క్‌దేనా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లండి. డిస్క్ పక్కన హెచ్‌డీడీ (అంటే హార్డ్‌డిస్క్) అని ఉందా, ఎస్ఎస్‌డీ అని ఉందా చూడండి. ఆన్ చేశాక ఒక పది నిమిషాలు మామూలుగా వాడుతూ గమనించండి.

- హెచ్‌డీడీ అని ఉండి, డిస్క్ వాడకం తరచూ 100 శాతం దగ్గరే నిలబడుతుంటే ఎస్ఎస్‌డీయే మందు. తేడా మొదటిరోజే తెలుస్తుంది.
- ఇప్పటికే ఎస్ఎస్‌డీ ఉండి, మెమరీ 85-90 శాతం దాటుతుంటే మీకు కావాల్సింది ర్యామ్.
- 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ రెండూ ఉంటే ఒక్క ఎస్ఎస్‌డీతో సగం పనే అవుతుంది. బడ్జెట్‌ని రెండిటికీ పంచండి.
- ఎస్ఎస్‌డీ ఉంది, స్పీడ్ బాగానే ఉంది, సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది అంటే మీకు కావాల్సింది చోటు. అప్పుడు ఖాళీ స్లాట్ ఉందేమో ముందు చూడండి, ఉన్న డ్రైవ్ తీసే పనే ఉండకపోవచ్చు.

పాత ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇంకో లెక్క ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే. అంతకంటే పాతదైతే సాటా, అంటే పాత హార్డ్‌డిస్క్ కనెక్షనే వాడే చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్ బదులు లినక్స్ పెట్టుకుని పిల్లల చదువుకో, బ్రౌజింగ్‌కో వాడుకోవచ్చు. దానిమీద 1 టీబీ డ్రైవ్ ఖర్చు పెట్టడం మాత్రం నాకు దండగనిపిస్తుంది.

2. మోడల్ నంబర్ మొత్తం రాసుకోండి

"ఇన్‌స్పిరాన్ 15" అంటే చాలదు. ఆ పేరు మీద ఏళ్లుగా ఎన్నో మోడళ్లు వచ్చాయి. ల్యాప్‌టాప్ తిప్పి అడుగున స్టిక్కర్ చూడండి.

- డెల్: ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్. దాన్ని డెల్ సపోర్ట్ సైట్‌లో కొడితే సరిగ్గా మీ యూనిట్ వివరాలే వస్తాయి.
- హెచ్‌పీ: ప్రోడక్ట్ నంబర్. ఇక్కడ అమ్మినవాటికి చివర్లో హ్యాష్ గుర్తు, ఏసీజే అనే అక్షరాలు ఉంటాయి.
- లెనోవో: ఎంటీఎం అని రాసి ఉన్న కోడ్. అందులో మొదటి నాలుగు అక్షరాలు ముఖ్యం.
- ఆసుస్, ఏసర్: స్టిక్కర్ మీద మోడల్ అని ఉన్నదంతా, చివరి అక్షరాలతో సహా.

స్టిక్కర్ అరిగిపోయిందా? స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. సిస్టమ్ మోడల్, సిస్టమ్ ఎస్‌కేయూ అనే వరుసల్లో ఉంటుంది. అదే పేజీలో బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా కూడా రాసుకోండి. బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్. తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఆ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్ దించుకోండి. డబ్బాలో వచ్చిన పలుచటి యూజర్ గైడ్‌లో ఇవేవీ ఉండవు. హెచ్‌పీవాళ్లు దీన్ని మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటారు, లెనోవోవాళ్లు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు. లెనోవోకి పీఎస్ఆర్ఈఎఫ్ అనే స్పెసిఫికేషన్ సైట్ కూడా ఉంది. మీ మోడల్ కొడితే ఎన్ని స్లాట్‌లు, ఎంత పొడవు, ఏ తరం అని వరుసగా రాసి ఉంటుంది. మిగతా కంపెనీలూ ఇంత శుభ్రంగా రాస్తే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదు.

క్రూషియల్ లాంటి కంపెనీల సైట్లలో మోడల్ ఎంచుకుంటే సరిపోయే డ్రైవ్‌లు చూపించే టూల్ ఉంటుంది. రెండో అభిప్రాయంగా వాడుకోండి. మాన్యువల్ ఒకటి చెప్పి టూల్ ఇంకోటి చెబితే మాన్యువల్‌నే నమ్మండి.

3. స్లాట్‌ని గుర్తుపట్టడం

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఒక్కోటీ నిదానంగా చూద్దాం.

3.1 రెండున్నర అంగుళాల బే

పాత హార్డ్‌డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇదే ఉంటుంది. ఇందులోకి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ నేరుగా వెళ్తుంది. ఇప్పుడొచ్చే ఎస్ఎస్‌డీలు 7 మిల్లీమీటర్ల మందం. పాత బే 9.5 మిల్లీమీటర్లదైతే డ్రైవ్ కాస్త ఊగుతుంది, చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్ పెడితే సరి.

హార్డ్‌డిస్క్ లేకుండా అమ్మిన మోడళ్లలో ఓ తిరకాసు ఉంది. లోపల బే ఖాళీగా కనిపిస్తుంది, కానీ డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే పలుచటి రిబ్బన్ కేబుల్, బ్రాకెట్ ఉండవు. మోడల్‌ని బట్టి అవి విడిగా కొనాలి. ఇంకా, ఒకే మోడల్‌లో పెద్ద బ్యాటరీ ఉన్న వేరియంట్ అయితే ఆ బే చోటుని బ్యాటరీయే ఆక్రమిస్తుంది. కాబట్టి "నా స్నేహితుడి ల్యాప్‌టాప్ కూడా ఇదే మోడల్, వాడు వేసుకున్నాడు" అనే మాట మీద ఆధారపడకండి.

3.2 ఎం.2 పొడవు

ఎం.2 డ్రైవ్ అంటే చూయింగ్ గమ్ స్ట్రిప్ అంత ఉండే సన్నటి కార్డు. పేరులోనే కొలత ఉంటుంది: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242, 2230 కూడా ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపిస్తాయి.

పొట్టి డ్రైవ్‌ని పొడవాటి స్లాట్‌లో పెట్టొచ్చు, స్క్రూ అందడానికి చిన్న ఎక్స్‌టెన్షన్ పట్టీ కావాలంతే. పొడవాటిదాన్ని పొట్టి స్లాట్‌లో పెట్టడం మాత్రం ఏ రకంగానూ కుదరదు. కొన్ని లెనోవో ఐడియాప్యాడ్‌లలో ఒక స్లాట్ 2242, ఇంకోటి 2280 ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని 2280 కొనేసి, అది పట్టే స్లాట్‌లో ఇప్పటికే డ్రైవ్ ఉందని తర్వాత చూసుకునేవాళ్లు ఉన్నారు. 2242 డ్రైవ్‌లు మార్కెట్లో తక్కువ, ధర కూడా కాస్త ఎక్కువే ఉంటుంది. ఉన్న 2280 డ్రైవ్‌నే తీసి పెద్దది వేసుకోవడం చాలాసార్లు చవక.

3.3 సాటానా, ఎన్‌వీఎంఈనా

ఎం.2 అనేది ఆకారం మాత్రమే. ఆ ఆకారంలో రెండు జాతులు ఉన్నాయి: సాటా, ఎన్‌వీఎంఈ. సాటా గరిష్ఠంగా సెకనుకి 550 ఎంబీ దాకా ఇస్తుంది. ఎన్‌వీఎంఈ పీసీఐఈ అనే వేగమైన దారిలో వెళ్తుంది కాబట్టి దానికి చాలా రెట్లు.

బంగారు కాళ్ల వైపు చూస్తే ఒక గాటు మాత్రమే ఉన్నది సాధారణంగా ఎన్‌వీఎంఈ, దాన్ని ఎం కీ అంటారు. రెండు గాట్లు ఉన్నది ఎక్కువగా సాటా, అది బీ ప్లస్ ఎం కీ. ఇక్కడే మోసపోతారు: రెండు గాట్ల సాటా డ్రైవ్ ఎన్‌వీఎంఈ స్లాట్‌లో హాయిగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ బయోస్‌లో కనిపించదు. ఆ స్లాట్‌లో సాటా వైరింగ్ ఉంటేనే పనిచేస్తుంది. తిరగేసి చూసినా అంతే, సాటా మాత్రమే ఉన్న ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెడితే కనిపించదు. కూర్చుంది కదా అని పనిచేస్తుందని అనుకోకండి.

మూత విప్పినప్పుడు ఖాళీగా కనిపించే ప్రతి ఎం.2 స్లాట్ ఎస్ఎస్‌డీది కూడా కాదు. 30 మిల్లీమీటర్ల చిన్నది, పక్కన రెండు సన్నటి యాంటెనా వైర్లు ఉన్నది వైఫై కార్డుది. బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో సిమ్ డేటా కార్డు కోసం ఇంకో స్లాట్ ఉండొచ్చు. మాన్యువల్‌లో దాన్ని డబ్ల్యూవాన్ అని రాస్తారు.

3.4 ఏ తరం

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు జెన్ 3, జెన్ 4, జెన్ 5 అని దొరుకుతాయి. జెన్ 3 గరిష్ఠం సెకనుకి సుమారు 3,500 ఎంబీ, జెన్ 4 సుమారు 7,000 ఎంబీ, జెన్ 5 దానికి రెట్టింపు దగ్గర. తరాలు కలవకపోయినా డ్రైవ్ పనిచేస్తుంది, రెండిటిలో నెమ్మదిగా ఉన్నదాని స్పీడ్‌లో.

ఇంటెల్‌లో 10వ తరం ల్యాప్‌టాప్‌ల దాకా జెన్ 3. 11వ తరం నుంచి జెన్ 4 మొదలైంది, అయినా ప్రతి స్లాట్‌కీ ఇవ్వాలని లేదు. ఏఎండీలో రైజెన్ 5000 ల్యాప్‌టాప్ చిప్‌లు జెన్ 3, 6000 సిరీస్ నుంచి జెన్ 4. ఆ తర్వాత నంబర్లు తికమక పెడతాయి: రైజెన్ 7520యు, 7530యు లాంటివి పేరుకి 7000 సిరీసే కానీ ఇవి పీసీఐఈ జెన్ 3 చిప్‌లే.

నా సలహా సూటిగా: జెన్ 3 స్లాట్‌కి జెన్ 4 డ్రైవ్‌ని ఎక్కువ డబ్బు పెట్టి కొనకండి. ధర సమానంగా ఉంటే తీసుకోండి, రేపు ఇంకో ల్యాప్‌టాప్‌లోకి మార్చుకోవచ్చు. జెన్ 5 గురించి అయితే ఈ వ్యాసం చదువుతున్న చాలామంది ఆలోచించే పనే లేదు. అది వేడెక్కుతుంది, బ్యాటరీ తాగుతుంది, విండోస్ తెరుచుకోవడంలో మీకు తేడా తెలియదు.

3.5 మందం, వేడి

రెండు వైపులా చిప్‌లు ఉన్న డ్రైవ్ సన్నటి ల్యాప్‌టాప్‌లో అడుగున తగులుతుంది. 1 టీబీ డ్రైవ్‌లు ఎక్కువ శాతం ఒకవైపే చిప్‌లతో వస్తాయి. 4 టీబీవి కొనేటప్పుడు తప్పక చూడండి. పైన అల్యూమినియం హీట్‌సింక్ బిగించి వచ్చేవి డెస్క్‌టాప్‌లకి, ల్యాప్‌టాప్ మూత వాటితో మూసుకోదు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఫ్యాన్ కింద కూర్చుని పనిచేసేవాళ్లకి వేడి నిజంగానే సమస్య. ఎక్కువ స్పీడ్ డ్రైవ్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సన్నటి ల్యాప్‌టాప్‌కి తక్కువ కరెంట్ తీసుకునే మధ్యరకం డ్రైవే మేలు.

3.6 మార్చే వీల్లేనివి

- ఈఎంఎంసీ స్టోరేజ్ ఉన్న 64 జీబీ, 128 జీబీ చవక ల్యాప్‌టాప్‌లు. అది బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది. వేరే ఎం.2 స్లాట్ ఉంటేనే ఆశ.
- ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు. మార్చలేరు.
- 2013 నుంచి 2015 మధ్య మ్యాక్‌బుక్ ఎయిర్, రెటీనా ప్రో. డ్రైవ్ ఊడుతుంది కానీ కనెక్టర్ యాపిల్ సొంతది, అడాప్టర్ కావాలి.
- బాగా పాత ల్యాప్‌టాప్‌లలో ఎంసాటా అనే వేరే స్లాట్ ఉంటుంది. ఎం.2 అందులో పట్టదు.

ఇంకో మెలిక: ఇంటెల్ 4వ తరం, అంతకు ముందు ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవడం తెలియదు. అలాంటివాటికి సాటాయే.

4. ఎంత జీబీ?

500 జీబీ అని కొన్నది విండోస్‌లో 465 అని, 1 టీబీ 931 అని కనిపిస్తుంది. లెక్కించే పద్ధతి తేడా అంతే, షాపువాళ్లు మోసం చేయలేదు.

ఇంట్లో మామూలు వాడకానికి 500 జీబీ చాలు. ఫోటోలు, కోడింగ్ ప్రాజెక్టులు, వర్చువల్ మెషీన్లు, గేమ్‌లు ఉంటే 1 టీబీ. ఇప్పుడు వాడుతున్నదానికి కనీసం మూడో వంతు ఎక్కువ ఉండేలా చూసుకోండి. పూర్తిగా నిండిన ఎస్ఎస్‌డీ నెమ్మదిస్తుంది. 256 జీబీని నేను ఎవరికీ చెప్పట్లేదు. విండోస్, అప్‌డేట్‌లు, వాట్సాప్ బ్యాకప్‌లు కలిపి ఏడాదిలో నిండిపోతాయి.

5. స్పెక్ షీట్‌లో నిజంగా చూడాల్సినవి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రీడ్ స్పీడ్ ఉంటుంది. దాన్ని వదిలేసి కింది మూడు చూడండి.

మొదటిది టీబీడబ్ల్యూ. వారంటీ లోపు ఎన్ని టెరాబైట్లు రాయొచ్చని కంపెనీ ఒప్పుకుంటుందో ఆ అంకె. 1 టీబీ డ్రైవ్‌లనే పోల్చి చూస్తే శాంసంగ్ 870 ఈవోకి 600, క్రూషియల్ ఎంఎక్స్500కి 360, క్రూషియల్ పీ3కి 220. ఇంటి వాడకంలో 220 కూడా ఏళ్ల తరబడి వస్తుంది. రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు మాత్రం పెద్ద అంకె చూసుకోవాలి.

రెండోది టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా. మెమరీ చిప్‌లో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ చవక. కానీ ఒకేసారి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే మధ్యలో వేగం బాగా పడిపోతుంది. ధరలో కొద్ది తేడాయే ఉంటే టీఎల్‌సీ తీసుకోండి.

మూడోది వారంటీ. మూడేళ్లా, ఐదేళ్లా?

డీర్యామ్, అంటే డ్రైవ్‌లోనే ఉండే చిన్న మెమరీ, ఉందా లేదా అని కూడా అడుగుతుంటారు. ఎన్‌వీఎంఈలో హెచ్ఎంబీ అనే సౌకర్యంతో ల్యాప్‌టాప్ ర్యామ్‌లోంచే కొద్దిగా వాడుకుంటాయి కాబట్టి డీర్యామ్ లేకున్నా ఫర్వాలేదు. సాటా డ్రైవ్‌లకి ఆ సౌకర్యం లేదు. అందుకే సాటా కొనేటప్పుడు డీర్యామ్ ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడం సబబే.

6. కొనడం

ఎస్ఎస్‌డీ ధరలు వారం వారం మారుతుంటాయి. బయల్దేరే రోజు పొద్దున ఆన్‌లైన్‌లో రెండు చోట్ల ధర చూసుకుని వెళ్లండి. సీటీసీలో మొదటి షాపులోనే కొనేయకండి, రెండు మూడు కౌంటర్లు తిరగండి. ప్యారడైజ్ మెట్రోలో దిగితే దగ్గరే. "భయ్యా, ఎన్‌వీఎంఈ 2280, జెన్ 3, 1 టీబీ, టీఎల్‌సీ, ఎంతకిస్తారు?" అని అడిగితే సంభాషణే మారిపోతుంది. వీళ్లకి తెలుసని అర్థమై, మిగిలిపోయిన సరుకు అంటగట్టే ప్రయత్నం తగ్గుతుంది.

కౌంటర్ దగ్గర చూసుకోవాల్సినవి:

- డబ్బా సీల్ చెదరలేదు.
- డబ్బా మీద సీరియల్ నంబర్, బిల్లు మీద సీరియల్ నంబర్ ఒకటే.
- జీఎస్‌టీ బిల్లు. "బిల్లు లేకుంటే తగ్గిస్తా" అంటే ఆ తగ్గింపు వద్దనండి, రేపు వారంటీ అడగాల్సి వస్తే ఆ కాగితమే ఆధారం.
- వారంటీ కంపెనీదా, షాపుదా? కంపెనీదైతే సీరియల్ నంబర్‌ని అక్కడే కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి.
- చిన్న ఎం2 స్క్రూ. రెండో స్లాట్ ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లలో స్క్రూ ఉండకపోవచ్చు. అక్కడే అడిగి తీసుకోండి.

డబ్బా లేకుండా, సిల్వర్ కవర్‌లో చవకగా ఇచ్చే డ్రైవ్‌లు ఎక్కువగా ల్యాప్‌టాప్‌లలోంచి ఊడదీసినవి. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు లీజు ల్యాప్‌టాప్‌లు మారుస్తూనే ఉంటాయి కాబట్టి ఈ సరుకు బాగా దొరుకుతుంది. చెడ్డవేమీ కాదు, కానీ తయారీదారు వారంటీ మీకు రాదు. కొంటే తెలిసి కొనండి, కొత్తదాని ధర ఇవ్వకండి. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పవర్ ఆన్ అవర్స్, టోటల్ హోస్ట్ రైట్స్ చూస్తే ఎంత వాడారో తెలిసిపోతుంది. కొత్తదని కొన్నదానిలో వందల గంటలు కనిపిస్తే అదే రోజు వెనక్కి తీసుకెళ్లండి.

ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవకగా 8 టీబీ, 16 టీబీ అని కనిపించేవి నమ్మకండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే టూల్ నడిపితే అసలు సామర్థ్యం బయటపడుతుంది.

ఒక్కటే స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్‌ని క్లోన్ చేయాలనుకుంటే, అంటే పాత డ్రైవ్‌లోదంతా ఉన్నదున్నట్టు కొత్తదానికి ఎక్కించాలనుకుంటే, డ్రైవ్‌ని బయట యూఎస్‌బీతో కలిపే డబ్బా, అదే ఎన్‌క్లోజర్, కూడా కొనాలి. సాటా డ్రైవ్‌కి సాటాది, ఎన్‌వీఎంఈకి ఎన్‌వీఎంఈది. రెండూ పట్టేవి కాస్త ఖరీదు.

7. మూత విప్పే ముందు

- ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ. క్లోన్ చేస్తున్నాం కదా అని ఇది మానేయకండి.
- బిట్‌లాకర్ రికవరీ కీ. విండోస్ 11 చాలా ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి తాళం, ఆన్ చేసి పెడుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయి 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. క్లోన్ చేసే ముందు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి.
- ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఎంఎస్ ఆఫీస్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి జత అయిందో లేదో చూడండి. కాకపోతే ఇప్పుడే చేయండి.
- విండోస్ కీ గురించి టెన్షన్ వద్దు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.
- ల్యాప్‌టాప్ ఇంకా వారంటీలో ఉంటే, మూత తీయొచ్చా అని కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

8. క్లోనా, కొత్త ఇన్‌స్టాలా?

పాత విండోస్ చెత్తతో నిండి, వైరస్‌లతో నత్తనడక నడుస్తుంటే కొత్తగా వేసుకోండి. అన్నీ సెట్ చేసుకున్న సిస్టమ్ బాగా నడుస్తుంటే క్లోన్ చేయండి.

క్లోన్‌కి ముందు ఆ బ్రాండ్ సొంత సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి. శాంసంగ్‌కి సొంతది ఉంది, క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్ కొన్నవాళ్లకి అక్రోనిస్ ఉచిత వెర్షన్ ఇస్తారు. క్లోన్‌జిల్లా పూర్తిగా ఉచితం, కానీ స్క్రీన్ చూస్తే భయమేస్తుంది. ఏది వాడినా సోర్స్ ఏదో, టార్గెట్ ఏదో రెండుసార్లు చదవండి. తిరగేస్తే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది.

కొత్త ఇన్‌స్టాల్‌కి మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. వైఫై డ్రైవర్‌ని ముందే దించి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మర్చిపోతే ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ చేయొచ్చు.

రెండో డ్రైవ్ లోపలే ఉండగా విండోస్ వేయకండి. ఇన్‌స్టాలర్ బూట్ భాగాన్ని పాత డ్రైవ్‌లో పెట్టేసే అవకాశం ఉంది. కొన్నాళ్లకి పాతది తీసేయగానే కొత్తది కూడా లేవదు.

9. బిగించడం

1. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసేయండి.
2. అడుగు స్క్రూలన్నీ విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి దాని మీదే పెట్టుకోండి. పొడవులు వేరుగా ఉంటాయి. హెచ్‌పీలో కొన్ని స్క్రూలు రబ్బరు పట్టీల కింద దాక్కుంటాయి.
3. మూత అంచుల్లో ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా విడదీయండి. ఇనుప స్క్రూడ్రైవర్ దూర్చకండి.
4. బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. థింక్‌ప్యాడ్‌లలో అయితే బయోస్‌లో బ్యాటరీని డిజేబుల్ చేసే ఆప్షన్ ఉంటుంది. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి.
5. లోహాన్ని ముట్టుకుని చేతిలోని స్టాటిక్ పోగొట్టుకోండి. చలికాలంలో ఇది మరీ అవసరం.
6. ఎం.2 డ్రైవ్‌ని సుమారు 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి తోయండి. బంగారు కాళ్లు దాదాపు కనపడకుండా పోవాలి. ఆ తర్వాత కిందికి వంచి స్క్రూ వేయండి. బలంగా బిగించొద్దు.
7. పాత డ్రైవ్ మీద థర్మల్ ప్యాడ్ గానీ రేకు గానీ ఉంటే కొత్తదానికి మార్చండి.
8. బ్యాటరీ కలిపి, మూత పూర్తిగా మూయకముందే ఒకసారి ఆన్ చేసి బయోస్‌లో డ్రైవ్ పేరు కనిపిస్తుందో చూడండి. కనిపించాకే మిగతా స్క్రూలు.

10. ఇబ్బందులు, మందులు

బయోస్‌లో డ్రైవ్ కనిపించట్లేదు. తీసి మళ్లీ పెట్టండి. సగం కూర్చున్న డ్రైవే ఎక్కువసార్లు కారణం. అయినా రాకపోతే సాటా, ఎన్‌వీఎంఈ తారుమారయ్యాయేమో చూడండి. చివరిగా బయోస్ అప్‌డేట్.

బయోస్‌లో ఉంది, విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటం కారణం. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి విప్పి, ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి.

విండోస్‌లో రెండో డ్రైవ్ కనిపించట్లేదు. కొత్త డ్రైవ్ ఖాళీగా వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి జీపీటీ అనే ఇప్పటి డిస్క్ పద్ధతిలో ఇనీషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ చేయండి. డ్రైవ్ పాడైందని షాపుకి పరిగెత్తకండి.

క్లోన్ చేశాక నీలి స్క్రీన్, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు వస్తుంది. రికవరీ మెనూ నుంచి ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ చేస్తే విండోస్ కొత్త డ్రైవర్ ఎత్తుకుంటుంది. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేయండి.

క్లోన్ అయింది, కానీ అసలు బూటే అవట్లేదు. పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాతకాలపు పద్ధతిలో ఉండి, బయోస్ యూఈఎఫ్ఐలో మాత్రమే నడుస్తుంటే ఇలా అవుతుంది. మొదట్లో రాసుకున్న బయోస్ మోడ్ ఇక్కడ అక్కరకొస్తుంది. లెగసీ అయితే క్లోన్‌కి ముందే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో మార్చుకోవాలి, మార్చాక బయోస్‌ని యూఈఎఫ్ఐకి తిప్పాలి.

1 టీబీ వేసినా సీ డ్రైవ్ పాత సైజులోనే ఉంది. ఖాళీ చోటు చివర్లో ఉంటుంది. సీ డ్రైవ్ పక్కనే చిన్న రికవరీ భాగం అడ్డుగా ఉంటే విండోస్ దాన్ని దాటి పెంచలేదు. జీపార్టెడ్ లాంటి టూల్‌తో ఆ భాగాన్ని చివరికి జరిపి, తర్వాత పెంచండి.

కీ అడుగుతోంది. బిట్‌లాకర్. కాగితం తీయండి.

స్పీడ్ రాలేదు. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే చోట రెండు అంకెలు ఉంటాయి: ఇప్పుడు నడుస్తున్నది, డ్రైవ్ సామర్థ్యం. మొదటిది తక్కువైతే స్లాట్ పరిమితి, డ్రైవ్ లోపం కాదు. అక్కడే ఉష్ణోగ్రత కూడా చూడండి. పెద్ద కాపీ చేస్తుండగా 70 డిగ్రీలు బాగా దాటుతుంటే థర్మల్ ప్యాడ్ సరిగా కూర్చుందో లేదో చూడాలి.

11. పాత డ్రైవ్

కనీసం రెండు వారాలు దాన్ని ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టండి. మర్చిపోయిన ఫోల్డర్ ఏదో ఒకటి ఆ రోజుల్లోనే గుర్తొస్తుంది. తర్వాత ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి. అమ్మాలనుకుంటే హార్డ్‌డిస్క్‌ని పూర్తి ఫార్మాట్‌తో, అంటే క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి, తుడవండి. ఎస్ఎస్‌డీ అయితే ఆ కంపెనీ టూల్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడండి. చనిపోయిన డ్రైవ్‌ని ఇంటికొచ్చే పాత సామాన్లవాడికి వేయకుండా, అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వండి. బిల్లు ఫోటో, సీరియల్ నంబర్ ఫోటో మీ మెయిల్‌కే పంపుకుని పెట్టుకోండి. సీటీసీ బిల్లుల మీద ఇంకు ఏడాది తిరక్కుండానే చెరిగిపోతుంటుంది.